ఏ పేజీ దాకా చదివారు?

ఈ నెల మా పుస్తక పరిచయం కాస్త పొడుగైంది, మన్నించాలి. నిజానికి ఇందులో పరిచయం చేస్తున్నది ఒక పుస్తకాన్ని కాదు, పుస్తకం చదవకుండానే సమీక్ష రాసిన మా ఘనకార్యాన్ని. నలభై ఏళ్ళనాటి సంగతి. చెబితే పరువు పోతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాము. 2025లో లండన్‌లో ఒక ప్రదర్శన చూసి వచ్చాక, ఇంక దాచుకోవడం అనవసరమనిపించింది.

మేమంటే మేమిద్దరం, ఆలుమగలం. ఒకరిది డాక్టరీ, ఒకరిది లైబ్రరీలో ఉద్యోగం. 1968లో చెరో పెట్టె పట్టుకుని ఇంగ్లండులో దిగాము. నాలుగు ఆసుపత్రులు మారి, చివరికి మిడ్‌లాండ్స్‌లో ఒక చిన్న ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాము. ఆ రోజుల్లో మన పత్రిక తయారయ్యేది మా ముందు గదిలోనే. తెలుగు టైపు మిషను లేదు కనుక మైనం స్టెన్సిల్ మీద గంటంలాంటి కలంతో చేత్తో రాసేవాళ్ళం. తప్పు పడితే ఎర్రటి మందు పూసి, ఆరేదాకా ఊదుకుంటూ కూర్చునేవాళ్ళం. అక్షరాలు మావి. శీర్షికల చుట్టూ వేసే లతలూ నెమళ్ళూ, సంక్రాంతి సంచికకు ముగ్గులూ, ఉగాదికి మామిడి కొమ్మా మా పెద్దమ్మాయివి. పదో ఏట మొదలుపెట్టింది. కలం గట్టిగా నొక్కితే స్టెన్సిల్ చిరుగుతుంది, తేలిగ్గా నొక్కితే సిరా దిగదు. ఆ పట్టు మా ఇద్దరికీ చేతకాలేదు, దానికి వచ్చింది.

1985లో దానికి పదహారేళ్ళు. ఓ లెవెల్స్ పూర్తిచేసి ఏ లెవెల్స్‌లో చేరింది. కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ. ఆ మూడూ ఎవరు ఎంచారని మీరు అడగరు, మేమూ చెప్పం. మీ ఇళ్ళలోనూ అవే మూడు.

ఆ అక్టోబరులో ఒక శనివారం దాని గదిలో హూవర్ వేస్తుంటే మంచం కింద ఒక అట్టపెట్టె, లావుపాటి పుస్తకం ఒకటి దొరికాయి. పెట్టెలో 78 రంగు బొమ్మల చీట్లు. ఒకదాని మీద కొడవలి పట్టుకున్న అస్థిపంజరం. ఇంకొకదాని మీద మెలికలు తిరిగిన కొమ్ములతో, నుదుట మూడో కన్నుతో ఒక మేక. దాని కింద ఇంగ్లీషులో సైతాను అని పేరు. పుస్తకం పేరు 'ది బుక్ ఆఫ్ థోత్'. రాసినవాడు అలీస్టర్ క్రౌలీ.

చేతబడి, బాణామతి, చిల్లంగి అన్న మాటలు వింటూ పెరిగినవాళ్ళం మేము. డాక్టరీ చదివినా, లైబ్రరీలో పనిచేసినా, వెన్నులో పుట్టే వణుకు చదువును అడిగి పుట్టదు. ఏం చేశామంటే, చీట్లనూ పుస్తకాన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి వంటింట్లో బియ్యం డబ్బా అడుగున పాతిపెట్టాము. అమ్మాయిని ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

అడగడం మానేసి, సమీక్ష రాశాము. పేరు "పిల్లల గదుల్లో క్షుద్రవిద్య". ఒకటిన్నర పేజీ. క్రౌలీ గురించి మాకు తెలిసిందల్లా పాత పత్రికల కబుర్లు. ఆయన లోకంలోకెల్లా దుర్మార్గుడని 1923లో 'జాన్ బుల్' పత్రిక రాసిందన్న ముక్క ఒకటి. దాన్నే తిప్పి తిప్పి రాశాము. ఆయన సైతాను భక్తుడన్నాము. ఆయన మతమంతా ఇష్టం వచ్చినట్టు తిరగమనడమే అన్నాము. తల్లిదండ్రులు పిల్లల గదులు ఒకసారి చూసుకోవడం మంచిదని హితవు చెప్పాము. రాసిన స్టెన్సిల్‌ని, ఎప్పటిలాగే, శీర్షిక వేయమని అమ్మాయికి ఇచ్చాము. చెప్పకుండా చెప్పినట్టు అవుతుందని మా తెలివి.

దానికి తెలుగు చదవడం వచ్చు, కానీ కూడబలుక్కుని చదువుతుంది. స్టెన్సిల్ మీది అక్షరాలు చదవాలంటే దీపానికి ఎదురుగా పెట్టుకోవాలి. మేడమీద గంటసేపు ఉంది. కిందికి వచ్చి స్టెన్సిల్ బల్లమీద పెట్టింది. శీర్షిక అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. చుట్టూ మాత్రం ఏమీ లేదు. ఒక ఆకు లేదు, ఒక చుక్క లేదు.

"నాన్నా, అమ్మా, మీరు ఆ పుస్తకం ఏ పేజీ దాకా చదివారు?" అని అడిగింది.

మేము, "చారు చల్లారిపోతోంది, భోజనానికి రా," అన్నాము.

సంచిక వెళ్ళింది. అంతకు ముందు ఏ సమీక్షకూ రానన్ని ఫోన్లు వచ్చాయి. మంచి పని చేశారండీ అన్నారు పెద్దలు. ఒక మిత్రుడి ఇంట్లో, మా హితవు విని గది వెతికి, పిల్లవాడి సైన్సు ఫిక్షన్ నవలలు కూడా చెత్తబుట్టలో వేశారట. నవంబరు సంచికకు అమ్మాయి శీర్షికలు రాసి ఇచ్చింది, బొమ్మలు లేకుండా. డిసెంబరుకీ అంతే. జనవరిలో సంక్రాంతి సంచిక ముగ్గు లేకుండా వెళ్ళింది. ఎవరో ఫోన్ చేసి ముగ్గు ఏమైందని అడిగితే, పరీక్షలండీ అని అబద్ధం చెప్పాము.

దానితో మాట్లాడే ధైర్యం లేక, పుస్తకంతో మాట్లాడదామనుకున్నాము. క్రిస్మస్ సెలవుల్లో ఒక రాత్రి, పిల్లలు పడుకున్నాక, బియ్యంలోంచి పుస్తకం తీసి, దులిపి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాము. ఒకరు పైకి చదవడం, ఒకరు నోట్సు రాసుకోవడం. పది పేజీలకే తెలిసింది, ఇది భయపెట్టే పుస్తకం కాదు, అర్థం కాని పుస్తకం అని. హీబ్రూ అక్షరాలు, గ్రహాలు, ఈజిప్టు దేవతలు, అంకెలు. ఇది చదవడానికి ముందు ఇంకో పది పుస్తకాలు చదవాలి.

అందుకని లండన్ వెళ్ళాము. బ్రిటిష్ మ్యూజియం ఎదుట మ్యూజియం స్ట్రీట్‌లో 1922లో పెట్టిన అట్లాంటిస్ అనే పుస్తకాల కొట్టు, సెసిల్ కోర్ట్ సందులో వాట్కిన్స్ అనే ఇంకో పాత కొట్టు. ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి లోపలికి దూరాము. లోపల అరలో మొదట కంటబడింది 'ది సర్పెంట్ పవర్'. తిరగేస్తే ప్రచురణ గణేశ్ అండ్ కంపెనీ, మద్రాసు! ఊరుగాని ఊళ్ళో సొంత ఊరి బస్సు కనబడినట్టయింది. కలకత్తా హైకోర్టు జడ్జి సర్ జాన్ ఉడ్రోఫ్, ఆర్థర్ అవలాన్ అన్న పేరుతో 1919లో వెలువరించిన పుస్తకం అది. షట్చక్రనిరూపణానికి ఇంగ్లీషు అనువాదం, వివరణ. పాశ్చాత్యులు చక్రాలు, కుండలిని అని మాట్లాడడానికి అదొక పెద్ద ఆధారం.

ఆ చలికాలమంతా చదివాము. చదివినదాంట్లో మీకు పనికొచ్చేది కొంత చెబుతాము.

క్రౌలీ పుట్టింది మా ఇంటికి కారులో అరగంట దూరంలో, లెమింగ్టన్ స్పాలో, 1875 అక్టోబరు 12న. ఒక ఆదివారం వెళ్ళి క్లారెండన్ స్క్వేర్‌లో ఆ ఇల్లు చూశాము. మామూలు తెల్లటి ఇల్లు. కుటుంబానికి బీరు వ్యాపారం వల్ల వచ్చిన డబ్బు, తల్లిదండ్రులకు ప్లిమత్ బ్రెదరన్ అనే కఠినమైన క్రైస్తవ శాఖ. బైబిలు తప్ప మిగతా పుస్తకాలన్నిటినీ అనుమానంగా చూసే ఇల్లు. తండ్రి 1887లో పోయాడు. కొడుకు అల్లరిని భరించలేక తల్లే అతన్ని బైబిలులోని మృగం పేరుతో పిలిచింది. ఆ తిట్టునే అతను జీవితాంతం బిరుదులా తగిలించుకున్నాడు. ఈ ముక్క చదివిన రాత్రి మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. పుస్తకాల్ని అనుమానించే ఇళ్ళు ఏం తయారుచేస్తాయో రాసి ఉంది.

1888లో లండన్‌లో గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం పుట్టింది. కవి యేట్స్ అందులో సభ్యుడు. క్రౌలీ 1898లో చేరాడు. సంఘంలో వాళ్ళు ధ్యానానికి వాడిన గుర్తులు చూసి మేము ఉలిక్కిపడ్డాము. పసుపు చతురస్రం పృథ్వి, వెండి చంద్రవంక అప్పు, ఎర్ర త్రికోణం తేజస్సు, నీలి వలయం వాయువు, నల్లటి గుడ్డు ఆకాశం. పేర్లు కూడా అవే. 1890లో రామ్‌ప్రసాద్ అనే ఆయన ఇంగ్లీషులో రాసిన 'నేచర్స్ ఫైనర్ ఫోర్సెస్' అనే దివ్యజ్ఞాన సమాజపు పుస్తకం నుంచి అవి అక్కడికి చేరాయి. క్రౌలీ గురువుల్లో ఒకడైన అలన్ బెనెట్ 1900లో సింహళం వెళ్ళి పొన్నంబలం రామనాథన్ దగ్గర యోగం నేర్చుకున్నాడు. మరుసటి ఏడు క్రౌలీ అక్కడికే వెళ్ళి ఆయన దగ్గర అభ్యాసం చేశాడు. బెనెట్ తర్వాత బర్మాలో భిక్షువై, 1908లో బౌద్ధం చెప్పడానికి ఇంగ్లండుకు తిరిగి వచ్చాడు.

క్రౌలీ 1909లో '777' అని ఒక పట్టికల పుస్తకం వేశాడు. ఏ గ్రహానికి ఏ రంగు, ఏ రాయి, ఏ మొక్క, ఏ దేవత, అన్నీ వరసగా. చదువుతుంటే మన నవగ్రహాలే గుర్తొచ్చాయి. సూర్యుడికి కెంపు, గోధుమలు, చంద్రుడికి ముత్యం, బియ్యం. మా చిన్నప్పుడు ఇంటి పురోహితుడు ఇవే చెబితే తలూపాము. ఇంగ్లీషువాడు చెబితే క్షుద్రమన్నాము. మాలో ఒకరి పుట్టింట్లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి 'ప్రజ్ఞాప్రభాకరము' ఉండేది. కుంభకోణం సి.వి.వి. గారి యోగమార్గంలో శాస్త్రిగారి అనుభవాలు అవి. దాన్ని ఎవరూ మంచం కింద దాచలేదు, దేవుడి అరలో పెట్టారు.

అలాగని, చూశారా, అంతా మన దగ్గరనుంచి ఎత్తుకుపోయిందే అనడం కూడా తప్పే. టారో చీట్ల సంగతి చూడండి. మన రైల్వే స్టేషన్ దగ్గర చిలక జోస్యంలో చిలక ముక్కుతో చీటీ లాగినట్టే ఉంటుంది కనుక అవీ మనవే అనుకుంటాము. కాదు. పదిహేనో శతాబ్దంలో ఇటలీ జమీందార్లు ఆడుకున్న పేకముక్కలు అవి. వాటికి గూఢార్థం అంటగట్టింది 1781లో కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి పండితుడు. ఈ సంగతి ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త మైకేల్ డమెట్ 1980లో ఒక పెద్ద పుస్తకంగా రాశాడు. మనకూ బొమ్మల పేకలు వేరే ఉన్నాయి. దశావతార గంజీఫాలో 120 ముక్కలు. నిర్మల్ చిత్రకారులూ గంజీఫాలు వేసినవారే. వాటితో ఆడుకున్నారు.

ఇక అసలు విషయం. 1904 ఏప్రిల్ 8, 9, 10 తేదీల్లో కైరోలో, మధ్యాహ్నం గంటసేపు చొప్పున, ఒక అశరీరవాణి చెబుతుంటే రాసుకున్నానని క్రౌలీ చెప్పిన చిన్న పుస్తకం 'ది బుక్ ఆఫ్ ది లా'. మూడు అధ్యాయాలు. ఆయన మతానికి అదే మూలం. థెలెమా అంటే గ్రీకులో సంకల్పం. అశరీరవాణి నిజమా అంటే మేము నమ్మలేదు. అయితే మా మొదటి సమీక్షలో మేము చెప్పిన అర్థం తప్పని ఆయన తన పుస్తకాల్లో పదేపదే వాదించాడు. కోరిక వేరు, సంకల్పం వేరు అంటాడు. బుద్ధి పుట్టినట్టల్లా తిరగడం సంకల్పం కాదు. నక్షత్రం తన కక్ష్యలో తిరిగినట్టు ప్రతి మనిషికీ తనదైన దారి ఒకటి ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుని మిగతావన్నీ మానుకోవడమే పని, అది తిరుగుబోతుతనం కంటే చాలా కష్టం అంటాడు. దానికోసం ప్రయోగశాల నోటుబుక్కులా రోజూ తేదీ, వేళ, శరీర స్థితి రాసుకోమంటాడు. ఆ పద్ధతి మాలోని డాక్టరుకు నచ్చింది. రోగి ఒక్కడే, డాక్టరూ అతనే అయితే ఫలితం నమ్మడం కష్టమని కూడా అనిపించింది.

గీతలో స్వధర్మం లేదా అని మీరంటారు. మేమూ అన్నాము. ఆలోచిస్తే రెండూ ఒకటి కాదు. మన పెద్దలు స్వధర్మాన్ని పుట్టుకతో ముడిపెట్టి చెప్పారు. ఇతను ఎవడి దారి వాడే వెతుక్కోవాలన్నాడు. మరి మేము అమ్మాయి విషయంలో చేసిందేమిటి? పుట్టుక కూడా చూడలేదు. డాక్టరు కూతురు డాక్టరు.

అప్పుడు మదనపల్లె కుర్రాడు గుర్తొచ్చాడు. 1895లో అక్కడ తెలుగు ఇంట్లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని అడయారులో దివ్యజ్ఞాన సమాజంవారు జగద్గురువుగా ఎంచారు. 1911లో అతని కోసం ఒక సంఘమే పెట్టారు. కొడుకును తిరిగి ఇప్పించమని తండ్రి నారాయణయ్యగారు మద్రాసులో దావా వేశారు. అది లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వచ్చి, 1914లో అనీబిసెంట్ పక్షాన ముగిసింది. తండ్రికి ఒక పథకం, బిసెంటమ్మకు ఒక పథకం. చివరికి 1929లో హాలండులో, వేలమంది ముందు, ఆ సంఘాన్ని ఆయనే రద్దుచేశాడు. కృష్ణమూర్తి జగద్గురువని చెప్పడాన్ని క్రౌలీ గట్టిగా వ్యతిరేకించాడు. కారణం గొప్పదేమీ కాదు, ఆ పీఠం తనదని ఆయన నమ్మకం.

క్రౌలీని మేము వెనకేసుకొస్తున్నామని అనుకోవద్దు. చదివినకొద్దీ మనిషి మీద గౌరవం పెరగలేదు. సింహళంలో యోగం నేర్చుకున్నవాడే ఇతర జాతుల గురించి నీచమైన మాటలు రాశాడు. ఆడవాళ్ళ గురించి రాసినవి చదువుతుంటే పుస్తకం మూసేయాలనిపించింది. ఉబ్బసానికి డాక్టరు ఇచ్చిన హెరాయిన్, అప్పట్లో అది చట్టసమ్మతమైన మందే, ఆయన్ని జీవితమంతా పట్టుకుంది. 1920లో సిసిలీ దీవిలో చెఫాలు అనే ఊళ్ళో ఆశ్రమం పెట్టాడు. అక్కడ 1923 ఫిబ్రవరిలో రావుల్ లవ్‌డే అనే కుర్రవాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నవాడు, చనిపోయాడు. మంత్రాలకు బలి అయ్యాడని పత్రికలు గోలపెట్టాయి. డాక్టరుగా చదివితే అది పేగులకు సోకిన జబ్బు. మారుమూల ఊరు, శుభ్రత లేని ఇల్లు, మత్తుమందులు, దూరంగా ఆసుపత్రి. మంత్రం అక్కరలేదు, నిర్లక్ష్యం చాలు. ఆ ఏడే ముస్సోలినీ ప్రభుత్వం క్రౌలీని వెళ్ళగొట్టింది. 1947 డిసెంబరు 1న హేస్టింగ్స్‌లో ఒక బోర్డింగు హౌసులో పోయాడు.

ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాక, 1986 ఫిబ్రవరిలో ఒక ఆదివారం చీట్ల పెట్టె, పుస్తకం పట్టుకుని అమ్మాయి గది తలుపు తట్టాము. "ఇవి నీవి. మేము దాచాము," అన్నాము.

"బియ్యం డబ్బాలో ఉన్నాయని నాకు అక్టోబరు నుంచీ తెలుసు. శుక్రవారం బియ్యం కడిగేది నేనే కదా. మీరు అడుగుతారేమోనని చూస్తూ ఉన్నాను," అంది.

ఆఖరి పేజీ దాకా చదివామని చెప్పాము. అప్పుడు చీట్లు మంచం మీద పరిచింది. స్కూలు స్నేహితురాలి ఇంట్లో బీటిల్స్ 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్' రికార్డు అట్టమీద క్రౌలీ ముఖం చూసిందట. అదే అట్టమీద పరమహంస యోగానందా, లాహిరీ మహాశయులూ ఉండేసరికి ఎవరీయన అనుకుందట. అలా పుస్తకం దాకా వెళ్ళింది. జోస్యం కోసం మాత్రం కాదట. "ఈ బొమ్మలు వేసింది ఆయన కాదు, ఫ్రీడా హారిస్ అనే ఆవిడ," అంది.

అది పుస్తకంలో ఉంది. మేమూ చదివాము. కానీ పట్టించుకోలేదు. లిబరల్ పార్టీ ఎంపీ భార్య ఆవిడ. 1938లో మొదలుపెట్టి అయిదేళ్ళు ఈ 78 బొమ్మలూ వేసింది. కొన్ని మళ్ళీ మళ్ళీ వేసింది. 1944లో పుస్తకం 200 ప్రతులే వేశారు. చీట్లుగా అచ్చయింది 1969లో, ఆవిడా క్రౌలీ ఇద్దరూ పోయాక. మా అమ్మాయి ఒక్కొక్క చీటీ తిప్పి, చూడండి, ఈ గీతలన్నీ ఎలా ఒకదాన్నొకటి కోసుకుంటూ వలలా వెళ్ళాయో, దీన్ని ప్రొజెక్టివ్ జామెట్రీ అంటారు, ఆవిడ అది ప్రత్యేకంగా నేర్చుకుని వేసింది అని వేలుపెట్టి చూపించింది. 1909లో రైడర్ కంపెనీ వేసిన ఇంకో పేరున్న టారో పేకకు బొమ్మలు వేసిన పమేలా కోల్మన్ స్మిత్ సంగతి కూడా చెప్పింది. ఆ పేక ప్రపంచమంతా తిరిగింది, ఆవిడ మాత్రం 1951లో పేదగానే పోయింది.

"నీకు బొమ్మలంటే ఇంత ఇష్టమని ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాము.

"ఆరేళ్ళుగా మీ పత్రిక మీద వేస్తూనే ఉన్నాను కదా," అంది.

ఆ మాటకు మా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

మార్చి సంచికలో రెండో సమీక్ష రాశాము. మొదటిది చదవకుండా రాసిందని ఒప్పుకుని, చదివాక తెలిసిన మంచీ చెడూ వరసగా పెట్టాము. అమ్మాయి శీర్షిక వేసింది. చుట్టూ కోసుకుంటూ పోయే గీతల వల, మధ్యలో ఒక చిన్న చిలక, ముక్కున చీటీ. ఈసారి మెచ్చుకుంటూ ఫోన్లు రాలేదు. ఇద్దరు చందా మానేశారు. సైన్సు ఫిక్షన్ పుస్తకాలు పోగొట్టుకున్న పిల్లవాడు మాత్రం ఉత్తరం రాశాడు, ఇంగ్లీషులో, రెండు వాక్యాలు. ఆ సెప్టెంబరులో అమ్మాయి ఫిజిక్స్ మానేసి ఆర్ట్ తీసుకుంది. ఒక ఏడాది ఆలస్యమైంది. బంధువులు ఉత్తరాల్లో అయ్యో అన్నారు. మాకూ మనసులో అయ్యో అనిపించిన రోజులు లేకపోలేదు. అబద్ధం ఎందుకు, ఆసుపత్రిలో మన పిల్లలు తెల్లకోట్లతో ఎదురుపడినప్పుడల్లా అనిపించేది. అది ఆర్ట్ టీచరైంది. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు బొమ్మలు నేర్పింది. టారో మోజు దానికి రెండేళ్ళలో తీరిపోయింది. మాకే తీరలేదు. డయన్ ఫార్చ్యూన్ 1935లో రాసిన 'మిస్టికల్ కబాలా', గోల్డెన్ డాన్ రహస్యాలన్నీ ఇజ్రాయెల్ రెగార్డీ 1937 నుంచి 1940 దాకా బయటపెట్టిన నాలుగు సంపుటాలు, క్రౌలీ పుస్తకాల్లో మొదట చదవదగ్గ 'ఎయిట్ లెక్చర్స్ ఆన్ యోగా', ఇలా మా అరలో ఒక వరస నిండింది.

ఇలాంటి పుస్తకాలకు సమీక్ష ఎలా రాయాలో మేము నేర్చుకున్నది కొంచెమే. అట్ట చూసి, పత్రికల కబుర్లు విని రాయకూడదు. రాసినవాడి బతుకును దాచకూడదు, ఆ బతుకుతోనే పుస్తకాన్ని కొట్టిపారేయకూడదు. అంతా దయ్యాలదే అనకూడదు, అంతా మనదే అని కూడా అనకూడదు. ఏ మాట ఎక్కడినుంచి వచ్చిందో దొరికితే ఏడాదితో సహా చెప్పాలి. పుస్తకం చదివేవాణ్ణి ఏం చేయమంటోందో చూడాలి. ఊపిరి బిగబట్టమంటే, తిండి మానమంటే, మందు తీసుకోమంటే, అక్కడ ఎర్ర గీత గీయాలి. బొమ్మలు ఎవరు వేశారో తప్పక చెప్పాలి.

ఫ్రీడా హారిస్ వేసిన అసలు బొమ్మలు లండన్‌లో వార్‌బర్గ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 2025లో అక్కడ టారో మీద ప్రదర్శన పెట్టినప్పుడు ముగ్గురం వెళ్ళాము. మేము చేతికర్రలతో, అది చదువుకునే కళ్ళజోడుతో. భర్త పోయాక హారిస్ ఇండియా వెళ్ళి, శ్రీనగర్‌లో ఉండి, 1962లో అక్కడే కన్నుమూసిందని అమ్మాయి చెప్పింది. అచ్చు చీట్లలో కనబడని రంగులు అసలు బొమ్మలో ఉన్నాయి. ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. తిరిగి వస్తూ రైల్లో, "ఆ సంక్రాంతి సంచిక ముగ్గు లేకుండా ఇచ్చాను కదా, అది నాకు ఇప్పటికీ బాధే అమ్మా," అంది. తప్పు మాదైతే బాధ దానిది.

ఇంటికొచ్చి పాత కట్టలోంచి ఆ సంక్రాంతి సంచిక తీసి ఇచ్చాము. మొదటి పేజీ అంచుల్లో ఖాళీ అలాగే ఉంది. పెన్ను తీసుకుని కూర్చుంది.

పరిచయానికి పుస్తకాలు పంపదలచినవారు ఎప్పటిలాగే మా ఇంటికే పంపవచ్చు. ఏ విషయం మీదైనా సరే. కొంచెం ఆలస్యం కావచ్చు. ఈ వయసులో చదవడం నెమ్మదైంది, కానీ ఆఖరి పేజీ దాకా చదివే రాస్తాము.